పొరుగు పొలమే పాఠం

సర్వస్తోత్రాలూ భూమ్యాకాశాల సృష్టికర్త అయిన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మనలో అనేకులు బోధన్, ఎడపల్లి, రుద్రూరు ప్రాంతాల్లో ఎకరం, రెండెకరాలు సాగు చేసేవారు. వానలు అదను తప్పుతున్నాయి. కోతకొచ్చిన పంటపై వడగళ్లు పడుతున్నాయి. నీటిని వృథా చేయకండి, కొయ్యకాళ్లు కాల్చకండి అని మేము ఈ మింబర్‌పై నుండి ఏళ్లుగా బోధించాము. విన్నవారు తలలూపారు, పొలానికి వెళ్లి మడి నిండా నీరు కట్టారు. తప్పు వారిదే అనుకున్నాము. కాదని ఇప్పుడు గ్రహించాము.

రెండెకరాల రైతుకు కొత్త పద్ధతి బెడిసికొడితే ఏడాది తిండి పోతుంది, అప్పు మిగులుతుంది. అతనిది మొండితనం కాదు, భయం. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్‌లో నడిచినంత కాలం చెరకు వేసేవాడికి కొనేవాడున్నాడన్న ధైర్యం ఉండేది. 2015లో అది మూతపడింది. చెరకు తగ్గి, వరి పెరిగింది. రైతును నడిపేది ఉపదేశం కాదు, భరోసా.

మదీనాలో ఖర్జూరపు చెట్లకు పుప్పొడి అద్దే ఆచారాన్ని చూసి, అది అవసరం కాకపోవచ్చునని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) భావించారు. రైతులు మానుకోగా దిగుబడి తగ్గింది. అప్పుడాయన, ప్రాపంచిక వ్యవహారాల్లో వారి అనుభవమే మిన్న అని తెలియజేశారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతం మా వంటి బోధకులకు పెద్ద హెచ్చరిక. పొలం సంగతి పొలంలో ఉన్నవాడే చెప్పాలి.

కనుక రైతు సోదరులారా! పొలమంతా వద్దు, పది గుంటల్లో ప్రయత్నించండి. వరి మడిలో నీరు ఇంకి సన్నని నెర్రెలు కనిపించాకే మళ్లీ తడి ఇవ్వండి. నీరు మిగులుతుంది, భూతాపాన్ని పెంచే మీథేన్ వాయువూ తగ్గుతుంది. సందేహముంటే రుద్రూరు పరిశోధన స్థానంలో అడగండి.

భూస్వాములారా! బిందు సేద్యపు రాయితీ పాసుపుస్తకం ఉన్నవారికి అందుతుంది, చెమటోడ్చేది కౌలుదారు. వచ్చే ఏడాది పొలం తనకుంటుందో లేదో తెలియనివాడు పైపులు ఎలా వేస్తాడు? కౌలు కొన్నేళ్లకు రాసివ్వండి, దరఖాస్తుపై సంతకం చేయండి. సంపన్నులారా! వడ్డీలేని రుణమివ్వండి. ప్రయోగం విఫలమైతే నష్టంలో పాలుపంచుకోండి.

మా వంతుగా, ప్రతి నెల మొదటి జుమా నమాజు తర్వాత మస్జిదు ప్రాంగణంలో ఒక రైతును మాట్లాడమంటాము. గెలిచినవాడినీ, ఓడినవాడినీ పిలుస్తాము. మేము కూర్చుని వింటాము.

అల్లాహ్ మన నేలకు, నీటికి శుభాన్ని ప్రసాదించుగాక! పొరుగువాని భయాన్ని పంచుకునే హృదయాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.