చప్పుడు ఎప్పుడొస్తోంది?



కారు ఇంజన్లో కొత్తగా ఏదో చప్పుడు మొదలైందనుకోండి. షెడ్డుకు తీసుకెళ్లి, "ఏదో సౌండొస్తోందండీ, కాస్త చూడండి" అంటాం. మెకానిక్ బానెట్ ఎత్తేసరికి ఆ చప్పుడు కాస్తా మాయమవుతుంది. రెండుసార్లు రేస్ చేసి, "బానే ఉంది కద సార్" అని మూసేస్తాడు. లేదా, "ట్యాపెట్లయ్యుంటాయి, విప్పి చూద్దాం" అంటాడు. మొదటిదైతే జబ్బు అలాగే ఉండిపోతుంది, రెండోదైతే డబ్బు పోతుంది. మెకానిక్‌ని మాత్రం ఏమంటాం? రోజూ ఆ బండి నడిపేది మనం. చప్పుడు గురించి ఆయనకన్నా మనకే ఎక్కువ తెలియాలి.

చెవి రిక్కించి, అది ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతకడం ఎవరికైనా మొదట తోచే పని. కానీ ఇంజనంటే లోహపు దిమ్మ. కింద పుట్టిన చప్పుడు పైన వినబడుతుంది, ఎడమవైపుది కుడివైపు మోగుతుంది. కాబట్టి ఎక్కడన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎప్పుడొస్తోందో పట్టుకోండి. దానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు.

మొదటి పరీక్ష బండి నిలబెట్టి చేసేది. న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, మెల్లగా యాక్సిలరేటర్ తొక్కండి. దానితోపాటే చప్పుడూ జోరందుకుంటే విషయం ఇంజన్లో ఉంది, లేదా ఇంజను తిప్పే బెల్టుల్లో ఉంది. అలా కాకుండా, నిలబడి ఎంత రేస్ చేసినా ఏమీ లేదు, రోడ్డెక్కి అరవై దాటితేనే హోరు మొదలవుతోందంటే టైర్లు, చక్రాల బేరింగులు చూపించుకోండి. ఇంజను జోలికి పోనక్కర్లేదు. గేరు బండి అయితే ఇంకొకటి: న్యూట్రల్లో ఉండగా క్లచ్ తొక్కి చూడండి. తొక్కినప్పుడే గరగర మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగు మీద అనుమానం. తొక్కగానే ఆగి, వదలగానే మళ్లీ వస్తుంటే గేర్‌బాక్సు బేరింగు మీద అనుమానం.

రెండో ప్రశ్న: ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? రాత్రంతా నిలిపిన బండిలో ఆయిల్ కింద సంప్‌లోకి జారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది మళ్లీ పైకెక్కాలి. అందుకే, ముఖ్యంగా వాల్వులను కదిపే ట్యాపెట్లు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ఇంజన్లలో, కొన్ని సెకన్లపాటు టిక్‌టిక్‌మని వినిపించి ఆగిపోవడం మామూలే. ఆగకుండా అలాగే ఉంటే ముందు చూడాల్సింది ఆయిల్. బండిని చదునైన చోట పెట్టి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ లాగి తుడిచి, మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకన్నా తక్కువుంటే ట్యాపెట్ల సంగతి పక్కనపెట్టి, బండి పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ పోయించండి. ఆ ఆయిల్ ఎటు పోతోందో కూడా కనిపెట్టమని మెకానిక్‌కు చెప్పండి. ఒక్కోసారి పొద్దున్నే టిక్‌టిక్‌మని, నాలుగైదు కిలోమీటర్లు పోయాక తగ్గిపోయేది అసలు ట్యాపెట్టే కాదు. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌కు కలిసేచోట గ్యాస్కెట్ సందులోంచి పొగ చిమ్ముతున్న చప్పుడది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగిపోతుంది.

టిక్‌టిక్ ఎంత వేగంగా కొడుతోందో కూడా వినండి. మన కార్ల ఇంజన్లలో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. మీటర్లో 800 ఆర్‌పీఎం, అంటే క్రాంక్ నిమిషానికి 800 చుట్లు, చూపిస్తున్నప్పుడు ఒక వాల్వు తెరుచుకునేది నిమిషానికి 400 సార్లు. అంటే సెకనుకు ఆరేడు. పైనుంచి పలచగా ఆ లెక్కన కొడుతుంటే వాల్వుల వైపు చూడాలి. బరువుగా, లోపలినుంచి, దానికి రెట్టింపు వేగంతో డబ్‌డబ్‌మని గుద్దుతుంటే క్రాంక్ వైపు అనుమానించాలి. ఆ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మూడోది, బరువు లాగుతున్నప్పుడా, ఊరికే తిరుగుతున్నప్పుడా? తిరుమల ఘాట్ ఎక్కుతున్నారు. బండినిండా మనుషులు, ఏసీ వేసుంది, మూడో గేరులోనే లాగిస్తున్నారు. యాక్సిలరేటర్ అదిమిన కొద్దీ రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు గలగల వినిపిస్తుంది. సిలిండర్లో పెట్రోలు సమంగా మండాల్సింది పోయి, మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే వచ్చే చప్పుడు ఇది. గేరు రెండుకు దించి చూడండి. గలగల పోయిందంటే తప్పు గేరుది. దించినా పోకపోతే లోపల పేరుకున్న మసి, వేడెక్కుతున్న ఇంజను, పనిచేయని నాక్ సెన్సర్, నాసిరకం పెట్రోలు, వీటిల్లో ఏదన్నది షెడ్డులో తేల్చుకోవాలి. అలాగే నడుపుతూ పోతే పిస్టన్లకు ముప్పు.

నాలుగోది, ఏ పని చేస్తే వస్తోంది? ఏసీ వేయగానే, లేదా హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ బండిలో చివరిదాకా తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు జారుతోంది. ఇంజను స్లోలో తిరుగుతుండగా, చేతులు దూరంగా ఉంచి, బెల్టు లోపలివైపు చాళ్ల మీద సీసాతో కాసిని నీళ్లు చల్లి మెకానిక్‌లు ఒక తేడా కనిపెడతారు. అరుపు ఆగి కాసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు వదులైందని తరచూ తేలుతుంది. ఇంజనుతో సంబంధం లేకుండా బ్లోయర్ పెంచితే పెరిగి, తగ్గిస్తే తగ్గే కటకట అయితే డాష్‌బోర్డు లోపల చూడండి. ఎండుటాకులో, ఎలుక చేర్చిన దూదో, కాగితాలో దొరకొచ్చు.

కంగారు పడనక్కర్లేనివీ ఉన్నాయి. ఇంజెక్టర్ల సన్నటి టికటిక, ఏసీ కంప్రెసర్ పట్టుకునేటప్పటి టక్కుమనడం, ఇంజను ఆపాక కూడా కొద్దిసేపు తిరిగే రేడియేటర్ ఫ్యాను, పొద్దున్నే డీజిల్ బండి చేసే మోత. ఇవి ముందునుంచీ ఎలా ఉన్నాయో అలాగే ఉంటే ఫరవాలేదు. మారాయంటేనే అడగండి.

ఇక ఎక్కడన్నది. కొందరు మెకానిక్‌ల దగ్గర స్టెతస్కోపు ఉంటుంది. అది లేనివారు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద, పిడి చెవి పక్కన పెట్టి వింటారు. ఆల్టర్నేటర్ బేరింగా, వాటర్ పంపా, బెల్టును పట్టి ఉంచే పుల్లీయా అన్నది అలా విడదీస్తారు. ఈ పని వారికే వదిలేయడం మంచిది. తిరుగుతున్న ఇంజన్ మీద వంగేటప్పుడు చీర కొంగు, చున్నీ, జడ, మెడలో గొలుసు దగ్గరికి రాకూడదు. ఆపిన ఇంజన్లోనైనా ఫ్యాను తనంతట తాను తిరగొచ్చు. షట్టర్ దించిన గ్యారేజీలో ఇంజను ఆన్ చేసి వినడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వెంటనే ఆపేయాల్సిన సందర్భాలు మూడు. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగి చప్పుడు వస్తుంటే, బరువైన డబ్‌డబ్ మొదలైతే, టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోతుంటే, పక్కకు తీసి ఇంజను కట్టేయండి. "ఇంటిదాకా పోదాంలే" అనుకుంటే ఇంజను దింపాల్సి రావచ్చు. బండి నీట మునిగితే అసలు స్టార్టే చేయొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్లూ మునిగాయి. నీరు గాలిలా అణగదు. సిలిండర్లో నీరుండగా స్టార్టర్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఆ తర్వాత వచ్చే చప్పుడుకు చిన్న రిపేరు ఉండదు.

మరి మెకానిక్‌తో ఏం చెప్పాలి? "పొద్దున మొదటి స్టార్టింగులో వస్తోంది, పది నిమిషాలకు పోతోంది. ఏసీతో సంబంధం లేదు. రేస్ చేస్తే పెరుగుతోంది. పోయినవారం ఆయిల్ మార్పించాకే మొదలైంది." ఇంత చెబితే సగం పని అయిపోయినట్టే. చప్పుడు వస్తున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఆర్‌పీఎం మీటర్ కూడా అందులో కనబడాలి. చల్లటి ఇంజన్లోనే వచ్చేదైతే బండిని రాత్రి షెడ్డులో వదలండి, పొద్దున వాళ్లే స్టార్ట్ చేసి వింటారు. రోడ్డు మీద వచ్చేదైతే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి.

ట్యాపెట్లు మార్చండి, బెల్టు మార్చండి అని మాత్రం మీరు చెప్పకండి. మీరు చెప్పిన సామాను మార్చి బిల్లిస్తే, చప్పుడు పోకపోయినా అడగడానికి నోరుండదు. లక్షణాలు మీరు చెప్పండి, సామాను పేరు ఆయన చెప్పాలి. డబ్బు కట్టేముందు, చప్పుడు ఏ పరిస్థితిలో వచ్చేదో సరిగ్గా ఆ పరిస్థితిలోనే మరోసారి విని, పోయిందని రూఢి చేసుకోండి.