వేలంలో కొన్న ఇల్లు – తాళంచెవి ఎవరిస్తారు?

(మహమ్మద్‌నగర్ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైనప్పుడు చేతికి వచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు మళ్ళీ వచ్చేది కాదు. ఆ డబ్బుతో బ్యాంకు వేలంలో ఇల్లో, ప్లాటో కొందామని మనలో కొందరు ఆలోచిస్తుంటారు. ధర చవక, పైగా అమ్మేది బ్యాంకే కదా అని ధైర్యం. కొనవద్దని నేను చెప్పను. కానీ యాజమాన్యం వేరు, కబ్జా వేరు అని కచేరీ ఫైళ్ళతో జీవితం గడిపినవాడిగా మనవి చేస్తున్నాను.

తనఖా పెట్టిన ఆస్తిని కోర్టుకు పోకుండానే వేలం వేసే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. అప్పుదారుకు 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, తర్వాత వేలం. మెలిక ఈ స్వాధీనంలోనే ఉంది. గోడకు నోటీసు అంటించి పేపర్లో ప్రకటిస్తే అది కాగితం మీది స్వాధీనం. మనుషులను ఖాళీ చేయించి తాళం వేస్తే అది అసలు స్వాధీనం. మొదటిదానితోనే వేలం వేయటం కద్దు. అప్పుడు సేల్ సర్టిఫికెట్ మన చేతిలో ఉంటుంది, ఇంట్లో మాత్రం పాత యజమానో, కిరాయిదారో ఉంటాడు.

మరి కొన్నవాని గతేమిటి? పూర్తి సొమ్ము కట్టినవారికి ఆస్తి అప్పగించవలసింది బ్యాంకే. అందుకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మనకు కామారెడ్డి కలెక్టరుగారికి, లేదా చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాలి. అమ్మిన తర్వాత కూడా అలా పెట్టవచ్చునని గోవా హోటలు కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 2015లో 515 కోట్లు పోసి ఆ హోటలు కొన్న ఐటీసీ కంపెనీకే ఇంత కాలం పట్టిందంటే, మన సంగతి ఆలోచించండి. అర్జీపై 30 రోజుల్లో, కారణాలు రాస్తే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం. అయితే గడువు దాటినంతమాత్రాన మేజిస్ట్రేటు అధికారం పోదని 2020లో తీర్పు వచ్చింది. కనుక ఓపిక కావాలి.

బ్యాంకు చర్యపై అప్పుదారు 45 రోజుల్లోగా రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. అయితే వేలం ప్రకటన వెలువడ్డాక అప్పు తీర్చి ఆస్తి విడిపించుకొనే హక్కు లేదన్న 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పు కొన్నవారికి బలం.

నిజాంసాగర్ ఆయకట్టు రైతు కుటుంబాలవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు. కాని పహాణీలో రాసి ఉన్నంత మాత్రాన చాలదు, భూమి నిజంగా సాగులో ఉందని అప్పుదారే రుజువు చేయాలి. మన తెలంగాణ నుంచి వెళ్ళిన రౌస్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. సివిల్ కోర్టు వేలమైతే పద్ధతి వేరు. అమ్మకం ఖాయమైన ఏడాదిలోగా కొన్నవారే కోర్టులో స్వాధీనానికి దరఖాస్తు పెట్టుకోవాలి.

వేలం పాడే ముందు ఈ నాలుగు పనులు చేయండి:

1. స్వాధీనం కాగితం మీదా, తాళంచెవితోనా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

2. స్వయంగా వెళ్ళి ఇంట్లో ఎవరున్నారో చూడండి. తనఖాకు ముందునుంచే సరైన కిరాయి పత్రంతో ఉన్నవారిని కదిలించటం కష్టం.

3. ఈసీ తీయించండి. ట్రిబ్యునల్‌లో కేసుందా, ఇంటి పన్ను, కరెంటు బకాయిలున్నాయా విచారించండి.

4. నాలుగోవంతు సొమ్ము ఆ రోజే లేదా మరుసటి పనిదినాన, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల వరకు పొడిగింపు ఉంటుంది. తప్పితే కట్టినది జప్తు.

కొన్న తర్వాత ఖాళీ చేయకపోతే మనుషులను వెంటబెట్టుకొని తాళం పగలగొట్టడానికి పోకండి. క్రిమినల్ కేసు మన మెడకు చుట్టుకుంటుంది. బ్యాంకుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి, రసీదు దాచుకోండి, అర్జీ నంబరు అడిగి తీసుకోండి. ఫైలు వెంట పడటం మనకు కొత్త కాదు కదా!