చిన్న డయల్-అప్ సేవ: చందాదారుల రాకపోకలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా వ్యాపారమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మూతపడిన దుకాణమును గూర్చి ఏమి చెప్పగలమని మా అనుమానము. కాని యిచ్చట కూర్చున్నవారిలో పెక్కురు బజారులో చిన్న చిన్న వ్యాపారములు చేసికొనువారు. గడప దాటి వచ్చిన మనిషిని మరల రప్పించుట యెట్లన్న ప్రశ్న మీకు నిత్యమును ఎదురగునదే. ఆ ధైర్యముతో నిలువబడితిమి.

1999 మొదలు 2005 వరకు బరంపురములో మేము ముగ్గురము మిత్రులము, ముగ్గురమును ఇట్టి తెలుగు బడిలో చదివినవారమే, టెలిఫోను తీగమీద నడచు ఒక చిన్న ఇంటర్నెట్ సేవను నడిపితిమి. డయల్-అప్ అనుమాట మీ పిల్లలు విని యుండరు. ఇంటిలోని కంప్యూటరు ప్రక్కన మోడెమ్ అను పెట్టె యుండును. అది ఫోను చేసినట్లే మా అంకెకు పిలుపు చేయును. మా వైపున మరియొక మోడెమ్ ఆ పిలుపు నందుకొనును. రెండును కొంతసేపు కీచుమని, బుస్సుమని యొకదానినొకటి పలుకరించుకొని, పిమ్మట అక్షరములను ధ్వనులుగా మార్చి తీగమీద పంపుకొనును. అంతసేపును ఆ యింటి ఫోను ఇతరులకు దొరకదు. ఎన్ని ఇండ్లలో తండ్రికిని కొడుకునకును దీనిమీద జగడములు జరిగినవో లెక్క లేదు. ఈ పద్ధతి లోకములో ఇప్పుడు దాదాపు అంతరించినది. అమెరికా ఆన్‌లైన్ అను పెద్ద సంస్థ గూడ 2025 సెప్టెంబరు 30వ తేదీతో దీనిని ఆపివేసినది.

మేము పని ప్రారంభించుటకు ముందు, ఈ విద్యలో ఆరితేరినవా రేమి చేసిరో తెలిసికొన యత్నించితిమి. ఆ కథ షికాగో నగరములో మొదలగును. 1978 జనవరిలో అచ్చట గొప్ప మంచుతుపాను వచ్చి దారులు మూసికొనిపోయినవి. ఇంటిలో చిక్కుబడిన వార్డ్ క్రిస్టెన్సన్ అను ఉద్యోగి, తన మిత్రుడగు రాండీ సూస్‌తో కలిసి, తమ కంప్యూటరు సంఘమువారు ఫోను ద్వారా వచ్చి ప్రకటనలు వ్రాసికొని పోవుటకు ఒక నోటీసు బోర్డు నిర్మింపవలెనని తలపోసెను. యంత్రము సూస్ కూర్చెను. దానిని నడపు ప్రోగ్రాము క్రిస్టెన్సన్ వ్రాసెను. ఫిబ్రవరి 16వ తేదీకి అది పనిచేయ నారంభించెను. ఉన్నది ఒక్కటే లైను. ఒకరు లోపల నున్నంతసేపు తక్కినవారు బయట నిలువవలసినదే. ఐనను జనులు వచ్చిరి, మరల మరల వచ్చిరి. ఆ యిద్దరిలో సూస్ 2019లోను, క్రిస్టెన్సన్ 2024లోను గతించిరి.

ఆనాటి మోడెమ్ సెకనునకు 300 బిట్లు మోసెడిది. అనగా సుమారు 30 అక్షరములు. తెరమీద 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు చొప్పున నిండుటకు ఒక నిమిషమునకు పైగా పట్టును. కనుక స్వాగతవాక్యము పొడుగైనచో, వచ్చిన మనిషి వాకిటనే నిలిచి ఆవులించును. ఆనాటి నిర్వాహకులు దీని నెఱిగి, పాతవారికి స్వాగతమును దాటిపోవు మార్గము నుంచిరి. మే మీ సంగతి చదివియు పాటింపలేదు. మా సేవయొక్క ముఖపత్రముపై తారాతారిణి కొండ చిత్రమును పెద్దదిగా పెట్టుకొంటిమి. చూచుటకు బాగుండెను. కాని అది 200 కిలోబైట్ల చిత్రము. సెకనునకు 28,800 బిట్ల మోడెమ్ గలవానికి అది పూర్తిగా దిగుటకు 70 సెకనులు పట్టుచుండెను. మన దేశములో ఆనాడు స్థానికపు పిలుపునకు గూడ మీటరు తిరిగెడిది గదా! మా కొండను చూచినందుకు చందాదారుడు ఫోను బిల్లు కట్టవలసి వచ్చెను. ఒక లెక్కల మాస్టారుగారు కాగితముమీద ఈ గుణకారము చేసి మా బల్లమీద పెట్టి, ఏమియు ననక వెడలిపోయిరి. ఆ రాత్రియే చిత్రమును తీసివేసితిమి.

ఇక లైనుల సంగతి. ఇది మాకు మిక్కిలి ప్రియముగా తెలిసినది, అనగా వెల చెల్లించి తెలిసికొన్నది. ఒక లైనుమీద ఒక్కొక్కరు 20 నిమిషము లున్నచో, రోజుకు 72 మందికి సరిపోవునని కాగితము చెప్పును. కాని తెల్లవారుజామున మూడు గంటలకు ఎవరును పిలువరు. అందరును రాత్రి ఎనిమిది మొదలు పది వరకే పిలుతురు. ఆ రెండు గంటలలో లైనునకు ఆరుగురే పట్టుదురు. ఈ వ్యాపారమున పదిమంది చందాదారులకు ఒక లైనుండవలెనని ఒక వాడుక యుండెను. మాకు లైనులు ఎనిమిది. ఎనుబది మందివద్ద ఆగవలసినది. ఆగలేదు. జిల్లా స్థాయి లైసెన్సునకు రుసుము నామమాత్రమే గాని, 3 లక్షల రూపాయల బ్యాంకు హామీ చూపవలసి యుండెను. దానికై మా యిండ్లలోని బంగారము తాకట్టుకు పోయెను. వడ్డీ నెలనెలా తరుముచుండెను. కావున వచ్చినవారినెల్ల చేర్చుకొని, ఎనుబదిని నూటనలుబది చేసితిమి.

ఒకనాటి ఉదయము ఒక పెద్దమనిషి వచ్చి బల్లయెదుట కూర్చుండెను. ఆయన కుమారుడు అబూదబీలో పనిచేయుచుండెను. ముందునాటి రాత్రి ఆయన ఎనిమిదింటి నుండి పదకొండింటి వరకు మా అంకెను తిప్పుచునే యుండెనట. ఎప్పుడు తిప్పినను ఎంగేజి. తెల్లవారి లైను దొరికి చూడగా, కుమారుడు ఆసుపత్రిలో నున్నాడని అతని స్నేహితుడు వ్రాసిన లేఖ సాయంకాలమే వచ్చియున్నది. పిల్లవానికి తరువాత నయమైనది, అది భగవంతుని దయ. ఆయన కేక వేయలేదు. "లేని లైను నాకెందుకమ్మినారు బాబూ?" అని మాత్రము అడిగినారు. మాకు జవాబు తోచలేదు. గడువు తీరిన తరువాత ఆయన చందా కట్టలేదు. మేము కట్టుమని అడుగనులేదు.

ఆ దినమున మువ్వురము కూర్చుండి, క్రొత్త చందాలను నిలిపివేయ నిశ్చయించితిమి. వచ్చిన సొమ్మును కాదనుట సులభమని ఎవరైన చెప్పినచో వారు వడ్డీ కట్టి యెఱుగరని మా అభిప్రాయము. అమెరికా ఆన్‌లైన్ వారికే ఈ బుద్ధి ఆలస్యముగా కలిగెను. 1996 డిసెంబరులో వారు నెలకు 19 డాలర్ల 95 సెంట్లకు ఎంతసేపైనను ఉండవచ్చునని ప్రకటించిరి. జనులు లోపల ప్రవేశించి, మరల లైను దొరకదను భయమున బయటికి రాకుండిరి. దేశమంతటను ఎంగేజి మ్రోగెను. అనేక రాష్ట్రముల ప్రభుత్వ న్యాయవాదులు కలుగజేసికొనగా, 1997 జనవరిలో సొమ్ము వాపసు చేయుట కంగీకరింపవలసి వచ్చెను. వారు పెద్దవారు గనుక తట్టుకొనిరి.

మనుష్యులను నిలుపుకొను విద్యలో మాకు మార్గము చూపినవారు వేరు. 1985లో కాలిఫోర్నియాలోని సాసలీటో పట్టణమున స్టూఅర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్ అను నిరువురు 'వెల్' అను సేవను స్థాపించిరి. ఈ బ్రిలియంట్ మన దేశమునకు క్రొత్తవాడు గాడు. ఆయన వైద్యుడు, 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున మన పల్లెలలో తిరిగి మశూచి నిర్మూలనకు పనిచేసినవాడు. ఆయన తోడి మిత్రులతో స్థాపించిన సేవా ఫౌండేషన్, మదురైలోని అరవింద కంటి ఆసుపత్రివారికి తోడ్పడినది. వెల్ వారు చందా నెలకు 8 డాలర్లు, గంటకు 2 డాలర్లు మాత్రమే పెట్టిరి. ఆనాటి తక్కిన సేవలతో పోల్చిన ఇది చౌక. కాని చౌకదనము మనిషిని రప్పించును గాని నిలుపదు. వారు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క చావడి నేర్పరచి, దానికొక యజమానుని నియమించి, ఆయనకు చందా లేకుండ చేసిరి. ఎవరి మాటకు వారే బాధ్యులని నియమము పెట్టిరి. నెలకొకసారి కార్యాలయమున విందు చేసి, తెరమీద పేర్లుగా తెలిసినవారిని ముఖాముఖి కూర్చుండబెట్టిరి. అచ్చటి యొక సంగీత బృందపు అభిమానులు గుంపుగా వచ్చి చేరి, చాల కాలము ఆ సేవను తమ గంటల చందాతో పోషించిరి. వారు యంత్రమును చూచి రాలేదు, తమవంటివారిని చూచి వచ్చిరి. చేతులు మారి మారి, 2012లో ఆ సేవను చందాదారులే చందాలు వేసికొని కొనుగోలు చేసిరి. ఇంతకంటె నిలుపుకొనుట యెక్కడ గలదు?

న్యూయార్కులో స్టేసీ హార్న్ అను ఆమె 1990లో 'ఎకో' అను సేవను తెఱచెను. అప్పటికి ఈ లోకమంతయు మగవారిదే. ఆమె స్త్రీలను వెదకి పిలిచి, యంత్రము నెట్లు వాడవలెనో తానే నేర్పెను. ఆమె చందాదారులలో నూటికి నలువదిమంది వరకు స్త్రీలే యుండిరి. ఇది చదివి మేమును ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలు తల్లులకు విడిచితిమి. విదేశములలో బిడ్డలున్న తల్లులు వచ్చి, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కూర్చి లేఖలు వ్రాయ నేర్చిరి. అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990లలో ఇట్టి లిపిమార్పునకు ఒక క్రమమునే కల్పించుకొని యుండిరి. మన తల్లులకు ఆ క్రమ మక్కర లేకపోయెను. దీర్ఘములు పోయినను, ఒత్తులు పోయినను, బిడ్డలు చదువుకొనిరి.

ఆటల మాట గూడ చెప్పవలెను, పిల్లలు నవ్వుదురుగాక. అమెరికాలోని చిన్న నోటీసు బోర్డులలో 'లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్' అను ఆట యుండెడిది. అందు రోజునకు ఇన్ని పోరాటములే యని మితి. అవి ముగిసినచో రేపటిదాక ఆగవలసినదే. దీనివలన లైను త్వరగా ఖాళీ యగును, మనిషి రేపు తప్పక వచ్చును. ఒక్క నియమముతో రెండు పనులు. మాకు వ్యాపారములో ఇంతకంటె తెలివైన యేర్పాటు కనబడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ 1984లో మొదలిడిన ఫైడోనెట్ వేరొక రీతిది. పగలు వ్రాసిన లేఖలు బోర్డులలో మూటగట్టియుండును. రాత్రి, పిలుపుల ధర తగ్గినప్పుడు, ఒక యంత్రము మరియొకదానికి పిలుపు చేసి మూటను అందించును. ఈ మూట సంగతి మాకు అక్కరకు వచ్చునని అనుకొనలేదు.

1999 అక్టోబరు 17, 18 తేదీలలో గోపాలపురము వద్ద తుపాను తీరము దాటినది. పారాదీపు వైపు మహావిలయము పండ్రెండు దినముల తరువాత వచ్చినది. లోకము దానినే జ్ఞాపక ముంచుకొన్నది. మాకు మాత్రము మొదటిదే. స్తంభములు కూలినవి, కరెంటు లేదు, ఫోనులు మూగవోయినవి, మా తీగయు తెగినది. తెరచి నాలుగు నెలలు కాని దుకాణము. విదేశములలోని బిడ్డలు ఎంత తల్లడిల్లుచుందురో మాకు తెలియును; వారి లేఖలు వచ్చు చోటు మాదే. మాలో ఒకరు సైకిలుమీద చందాదారుల ఇండ్లకు తిరిగి, ఒక నోటుపుస్తకములో ఒక్కొక్కరిచేత రెండు పంక్తులు వ్రాయించుకొనిరి. "అందరము క్షేమము. వంటింటి పెంకులెగిరినవి. ఆవు బ్రతికినది." ఇట్టివే. దారి తెరపి యిచ్చిన వెంటనే రెండవవారు ఆ పుస్తకము తీసికొని విశాఖపట్టణము పోయి, ఒక స్నేహితుని యింట రాత్రియంతయు కూర్చుండి ఆ లేఖలన్నియు పంపిరి. వచ్చిన జవాబులను కాగితములపై అచ్చొత్తించి తెచ్చి ఇంటింట నిచ్చితిమి. చందాదారులు కానివారి లేఖలును అందు కలవు. ఆ నెల చందాను మేము లెక్కింపలేదు.

రెండేండ్లకు మాకంటె చాల చౌకగా నిచ్చు పెద్ద సంస్థ యొకటి పట్టణమునకు వచ్చెను. సగముమంది పోయిరి. తక్కిన సగము 2005 వరకును పోలేదు. మా వేగము మంచిదని వారెవ్వరును అనలేదు.

పిమ్మట బ్రాడ్‌బ్యాండ్ వచ్చెను. ప్రభుత్వము 2004లో విధానము ప్రకటించెను. మరుసటి యేడు తీగలు మా వీథులకు వచ్చినవి. దానితో పోటీ పడుట మా తరము కాదు. బ్యాంకు హామీ విడిపించుకొని, ఇండ్ల బంగారము తెచ్చుకొని, చందాలో మిగిలిన దినములకు సొమ్ము లెక్కగట్టి, మేమే యింటింటికి పోయి ఇచ్చివేసితిమి. చాలమంది పుచ్చుకొనిరి. లెక్కల మాస్టారుగారు మాత్రము పుచ్చుకొనలేదు. "డబ్బు సరే నాయనా, నా చిరునామా యేమగును? మా అమ్మాయి ఉత్తరాలు దానికే వచ్చును కదా" అనిరి. మేము దీనిని తలపోయనే లేదు. సేవ మూసినచో ఆ చిరునామాలన్నియు చచ్చును. మేము మువ్వురము చేతిసొమ్ము వేసికొని, మరి రెండేండ్లు ఆ పేరును నిలిపి, దానికి వచ్చు లేఖలను వారివారి క్రొత్త చిరునామాలకు పంపుచు వచ్చితిమి. 2007లో చివరి నెలలో చూడగా, మాస్టారుగారికి తప్ప మరెవ్వరికిని లేఖలు వచ్చుట లేదు. ఆయన యింటికి పోయి, క్రొత్త చిరునామాను ఆయన కుమార్తెకు మేమే వ్రాసి, ఆమె జవాబు వచ్చువరకు అచ్చటనే కూర్చుంటిమి. అది వచ్చుసరికి రాత్రి తొమ్మిదైనది.