పడిన పిమ్మట నిలుచుట



గత కార్తికమాసమున నొకనాటి తెల్లవాఱుజామున పెరటిగడప దాటుచుండగా పంచెయంచు కాలికి చుట్టుకొని నూతిచప్టాపై పడితిని. ఎముక విఱుగలేదు. అయినను మూడు నెలలు పడకకుర్చీ విడువనైతిని. చూడవచ్చినవారందఱును "పంతులుగారూ, కదలకుడు" అనిరి. కోడలు చెంబు చేతి కందించెను. మనుమడు చెప్పులు తొడిగెను. అదియంతయు నాకు మర్యాదగనే తోచెను. నాలుగవనెల లేవబోగా మోకాళ్లు వణకెను. పడుటవలన కలిగిన హాని కొంచెము. కూర్చుండుటవలన కలిగినదియే యెక్కువ.

నిలుచుట యొక పని యని మనకు తోచదు. కన్నులును, లోచెవియు, అరికాళ్లును, కీళ్లును క్షణక్షణము మెదడునకు వార్త లంపుచుండును. మెదడు వానినిబట్టి పిక్కలను, తొడలను సవరించుచుండును. వార్త మందగించినను, కండ తఱిగినను దేహము తూలును. భయపడి కూర్చున్నవానికి కండయు తఱుగును, అలవాటును తప్పును. కావున వాడు మరల పడును.

న్యూజీలాండు దేశమున డ్యునెడిన్ నగరమందలి ఒటాగో విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. ఎనుబదియేండ్లు నిండిన 233 మంది స్త్రీలను రెండు పక్షములు చేసిరి. ఫిజియోథెరపిస్టు ఒక పక్షమువారి యిండ్లకే పోయి, కాళ్లకు బలమును, నిలుకడను ఇచ్చు వ్యాయామము నేర్పెను. ఏడాదిలో వ్యాయామపక్షమున 88 పాట్లు, రెండవపక్షమున 152 పాట్లు లెక్కకు వచ్చెను. ఈ ఫలితము 1997లో ప్రకటింపబడినది. పడుట బొత్తిగా మానలేదు గదా యని కొందఱందురు. దస్తూరిలో నూటయేబది తప్పులు ఎనుబదియెనిమిదికి దిగిన పిల్లవానిని నేనెన్నడును దండింపలేదు.

నేను మొదట వైద్యుని చూచితిని. ఆయన పండుకొన్నప్పుడును, నిలుచున్నప్పుడును రక్తపుపోటు కొలిచి, మందులలో నొకటి తగ్గించెను. ఆ పని మనంతట మనము చేయరాదు. పిదప వారమునకు మూడుదినములు, దినమునకు అరగంట, సాధన మొదలిడితిని. ముప్పదియేండ్లు పిల్లలచేత గుంజీలు తీయించినవాడను. ఇప్పుడు వంటింటి గట్టు పట్టుకొని నేనే అరగుంజీలు తీయుచున్నాను. కోడలు మొగము ప్రక్కకు త్రిప్పుకొని నవ్వును. మడమ లెత్తి మునివ్రేళ్లపై నిలుతును. చేతులూనక బల్లపైనుండి లేచి మరల కూర్చుందును. గోడవెంబడి ఒక పాదపు మడమ రెండవపాదపు వ్రేళ్లకు తాకునట్లు నడుతును. పట్టుకొను వస్తువు కదలనిదై యుండవలయును, మడతకుర్చీ పనికిరాదు. రొమ్మున నొప్పియో, తల తిరుగుటయో కలిగిన వెంటనే మానవలయును.

కష్టమైనది ఒంటికాలిపై నిలుచుట. తొలినాడు మూడు లెక్కించులోపలనే గట్టును రెండుచేతుల పట్టుకొంటిని. ఇప్పుడు ఒక వ్రేలు మాత్రము గట్టుపై నుంచి నిలుచుచున్నాను. మనుమడు ఒంట్లు చదువును. పది వినబడకముందే కాలు దించితినా, వాడు మరల ఒకటినుండి యెత్తుకొనును.