మరియల్ బాయ్ పాఠశాల

సూడాను దేశపు రెండవ అంతర్యుద్ధము 1983లో మొదలై 2005 జనవరిలో సంధితో ముగిసినది. ఇరువదిరెండేండ్లు! యుద్ధారంభమున పుట్టిన బిడ్డ, బడి ముఖమెరుగకయే తాను బిడ్డల తండ్రి కాదగినంత కాలము.

ఆ దేశపు దక్షిణభాగమున, ఉత్తర బహర్ ఎల్ గజల్ సీమలో మరియల్ బాయ్ అను గ్రామమున్నది. డింకా జాతివారి ఊరు. ఆవులే వారి సంపద, వారి పరువు. ఆ యూరి బాలుడు వాలెంటినో అచక్ డెంగ్ దాడులకు చెదరి, తోడి బాలురతో కాలినడకను ఇథియోపియా చేరెను. పిదప కెన్యాలోని కకూమా శరణార్థి శిబిరము, 2001లో అమెరికా. ఇసుకలో అక్షరములు దిద్దుకొన్న తరము వారిది. అతని కథను అమెరికన్ రచయిత డేవ్ ఎగర్స్ నవలగా వ్రాయగా 2006లో వెలువడెను. దానిపై వచ్చు రాబడిని అచక్ డెంగ్ పేర నెలకొల్పిన ధర్మసంస్థకు విడిచిరి. ఆ ధనముతోను, పలువురి విరాళములతోను 2009లో మరియల్ బాయ్‌లో ఉన్నత పాఠశాల తెరచిరి.

ఇంతవరకు వినుటకు సొంపుగానే యున్నది. కాని గోడలకు దొరకినంత సులభముగా ఉపాధ్యాయుని నెలజీతమునకు దాతలు దొరకరు. గోడపై దాత పేరు చెక్కవచ్చును, జీతముపై చెక్కుటెట్లు? మన పల్లెల పాఠశాల సంఘములవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. దక్షిణమున సంధి తరువాత బోధనాభాష ఆంగ్లము. అరబ్బీలో చదివివచ్చిన ఉపాధ్యాయులకు అది కొరుకుడుపడలేదు. వానకాలమున బాటలు మునిగి సరకుల లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోవును.

అన్నిటికంటె పెద్ద చిక్కు బాలికలది. డింకాలలో పెండ్లికి వరునివారు కన్యతండ్రికి ఆవులనిత్తురు. కన్యాశుల్కపు రోజులను గూర్చి విన్న మనకిది వింత గాదు. చదువు ముగియువరకు పిల్లకు పెండ్లి చేయవద్దనుట, ఇంటికి రానున్న మందను ఆపుమనుటయే. కరవునాట ఆ తండ్రికి అది చిన్నమాట కాదు. దాతలు జీతము కట్టినంతమాత్రమున ఆ లెక్క మారదు. పెండ్లి మాట యటుండగా, ఇంటినుండి వచ్చు పిల్లకు నీళ్ళు మోయుట, వంట, చంటివాండ్రను సాకుట తప్పవు. పుస్తకము తెరచు వేళకు చీకటి పడును. బడి ఆవరణలోనే బాలికలకు వసతిగృహము కట్టిన పిమ్మట, వారికి మొదటిసారిగా చదువుకొను సాయంకాలములు దొరకెను. నా దృష్టిలో, ఇచటి దానములన్నింటను ఇదియే తెలివైన దానము.

2011 జూలైలో దక్షిణ సూడాను స్వతంత్రదేశమైనది. 2013 డిసెంబరులో అచట మరల అంతర్యుద్ధము రేగినది. ఇట్టి వార్త విన్నంతనే దూరదేశపు దాత చేయి వెనుకకు పోవును. ఉపాధ్యాయుని జీతము మాత్రము నెలనెలా రావలసినదే. ఒక్క బడితో మొదలుపెట్టిన అచక్ డెంగ్ తరువాత కొంతకాలము ఆ రాష్ట్ర విద్యామంత్రియై, చెట్లనీడను సాగు బడుల బరువును గూడ మోయవలసివచ్చెను.