పంచాయతీ సభ్యులు - ఆంగ్ల సంభాషణము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



నేటి మన ప్రసంగ విషయము ఆంగ్ల సంభాషణము. ఈ మాట వినగానే మీలో కొందరికి సంకోచము కలుగవచ్చును. "గ్రామ పాలనకు ఆంగ్లమెందులకు? మా ఊరి మురుగుకాలువ సంగతి తెలుగులో చెప్పినచో బాగుపడదా?" అని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. కావున మొదట దానికే సమాధానము చెప్పుకొందము.

మన హక్కులేవియు ఆంగ్లముపై ఆధారపడి లేవు. తన కష్టమును తీర్చుమని కోరు ప్రతి వ్యక్తియు కేంద్రమునకుగాని రాష్ట్రమునకుగాని చెందిన ఏ అధికారికైనను, అక్కడ వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞాపన పంపుకొనవచ్చునని భారత రాజ్యాంగములోని 350వ అధికరణము చెప్పుచున్నది. 1966లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము తెలుగును అధికారభాషగా ప్రకటించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తును ఆంగ్లములోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషలోగాని వ్రాయవచ్చును. కావున ఆంగ్లము రాదను కారణమున ఏ సభ్యుడును, ఏ సభ్యురాలును తలవంచుకొనవలసిన పనిలేదు. ఆంగ్లము వచ్చుట వేరు, పరిపాలనా దక్షత వేరు.

అట్లయిన దీనిని నేర్చుకొనుట ఎందులకు? మన మాట మన నోటనే చేరవలసిన సందర్భములు కొన్ని కలవు. ఢిల్లీ నుండి కేంద్ర బృందము వచ్చి మంచినీటి పథకమును పరిశీలించును. అందులోని వారికి తెలుగు రాకపోవచ్చును. హైదరాబాదు రాజేంద్రనగరములోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలో శిక్షణకు వెళ్ళినచో ఇతర రాష్ట్రముల వారు ప్రక్కన కూర్చుందురు. ఒక్కొక్కప్పుడు విదేశీయులును గ్రామమును చూడవత్తురు. అట్టి వేళ దుబాసీగా ఎవరు ముందుకు వత్తురు? ఆ పని చేసిన గుత్తేదారుని మనిషియే ముందుకు వచ్చినచో, "పైపులు నాసిరకమైనవి" అని మనము చెప్పిన మాట అవతలివారి చెవికి ఏ రూపమున చేరునో మనకేమి తెలియును? నాలుగు ముక్కలు మనకే వచ్చినచో, ఆ అనువాదము సరియైనదో కాదో కనిపెట్టగలము. మనకు కావలసిన ఆంగ్లము అంతమాత్రమే.

ఈ వయస్సున కొత్త భాష వచ్చునా అని అధైర్యపడవలదు. తెలుగు వాఙ్మయమునకు మహోపకారము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో చెన్నపట్టణమున దిగునాటికి తెలుగు ఎరుగడు. పండితులయొద్ద అక్షరములు దిద్ది, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, ప్రజలతో మాటాడి భాషను పట్టువడజేసికొనెను. ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడినది. మనము నిఘంటువులు వ్రాయనక్కరలేదు. మన ఊరి సంగతి చెప్పగలిగిన చాలును.

పైగా మన చేతిలో కొంత పెట్టుబడి ముందే కలదు. మోటారు, పైపు, ట్రాన్స్‌ఫార్మరు, బిల్లు, చెక్కు, టెండరు, గ్రాంటు, తీర్మానమునకు మీటింగు - ఇవన్నియు మన నోట నిత్యము నలుగు మాటలే. పూలు మన గంపలో కలవు, కావలసినది దారము. ఆ దారము వాక్యక్రమము. తెలుగులో క్రియ చివర వచ్చును. ఆంగ్లములో కర్త వెంటనే వచ్చును. "మాకు నీళ్ళు కావలెను" అనుటకు "వియ్ నీడ్ వాటర్" అందురు. "మోటారు పనిచేయుటలేదు" అనుటకు "ది మోటార్ ఈజ్ నాట్ వర్కింగ్" అందురు. చిన్న వాక్యములనే వాడవలెను. ఒక వాక్యమునకు ఒక సంగతి చాలును.

ఇక ఉచ్చారణ. మన భాషలో మాటలు సామాన్యముగా అచ్చుతో ముగియును. అందుచేతనే బస్, రోడ్, బ్యాంక్ అనునవి మనయింటికి వచ్చి బస్సు, రోడ్డు, బ్యాంకు అయినవి. తెలుగులో అది అందమే. ఆంగ్లములో మాటాడునప్పుడు మాత్రము చివరి ఉకారమును విడువవలెను. మనము అక్షరములన్నిటిని ఇంచుమించు సమముగా పలుకుదుము; ఆంగ్లేయులు ఒక మాటలో ఒక భాగమునే ఒత్తి పలుకుదురు. "కమిటీ" అనుమాటలో "మి" పైనను, "డెవలప్‌మెంట్" అనుమాటలో "వె" పైనను ఒత్తు పడును. ఇంగ్లండు వారివలె పలుకవలెనను ఆరాటము అనవసరము. మన యాస మనకుండును. అవతలివారికి అర్థమగుటయే కొలబద్ద.

సంఖ్యల విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త అవసరము. ఫిఫ్టీన్ అనగా 15, ఫిఫ్టీ అనగా 50. తొందరలో పలికినచో రెండును ఒకేరీతిగా వినబడును. 15 ఇండ్లకు కుళాయిలు లేవని మనమనగా అవతలివారు 50 అని వ్రాసికొనవచ్చును. 50 అనగా 15 అని వ్రాసికొనినచో నష్టము మరింత. కావున సంఖ్యను చెప్పి, వెంటనే అంకెలను విడివిడిగా "వన్ ఫైవ్" అనియో, "ఫైవ్ జీరో" అనియో చెప్పవలెను. కాగితముపై వ్రాసి చూపుట ఇంకను మేలు. విదేశీయులకు లక్ష, కోటి అనునవి తెలియకపోవచ్చును. పదిలక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు అని గుర్తుంచుకొనవలెను.

ఇంతకంటె ప్రమాదకరమైనది "ఎస్", "నో" అను రెండు చిన్నమాటల వ్యవహారము. "పైపులు రాలేదా?" అని తెలుగులో అడిగినచో, రానప్పుడు మనము "అవును, రాలేదు" అందుము. అనగా అడిగినవాని మాటను ఒప్పుకొందుము. ఆంగ్లములో అట్లు కాదు. పైపులు రానప్పుడు "నో" అనవలెను. వచ్చియున్నప్పుడే "ఎస్" అనవలెను. "హావెంట్ ది పైప్స్ కమ్?" అని అధికారి అడుగగా, రాలేదను భావముతో మనము "ఎస్" అని ఊరకుండినచో, పైపులు వచ్చినవని ఆయన వ్రాసికొనిపోవును! దీనికి సులభమైన ఉపాయము కలదు. "ఎస్" అనిగాని "నో" అనిగాని ఆగిపోవలదు. సంగతిని పూర్తిగా చెప్పవలెను: "ది పైప్స్ హావ్ నాట్ కమ్." అప్పుడు పొరపాటునకు తావుండదు.

మర్యాద విషయము మరియొకటి. తెలుగులో "ఇవ్వండి" అనుటలో "అండి" యే మన్నన. ఆంగ్లములో ఆ ప్రత్యయము లేదు. "నీవు", "మీరు" అను భేదమును లేదు. కావున "గివ్ మి ది ఫారమ్" అని మనము వినయముగనే పలికినను, అది వారికి ఆజ్ఞవలె వినబడును. "కెన్ యు ప్లీజ్ గివ్ మి ది ఫారమ్?" అని ప్రశ్నరూపమున అడుగుటయే అక్కడి మన్నన. అట్లే "ఐ హావ్ ఎ డౌట్" అని మనవారందురు. మన దేశమున దానికి సందేహము అడుగుదునను అర్థము కుదిరినది; విదేశీయునికి మాత్రము మనమాతని మాటను నమ్ముటలేదని తోచవచ్చును. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనుట మంచిది. మన చెరువును మన కాగితములలో "ట్యాంక్" అని వ్రాయుదురు. పరదేశివాడు ఆ మాట విని నీళ్ళ తొట్టినో, ఎత్తైన నీళ్ళ ట్యాంకునో ఊహించును. "ఇరిగేషన్ ట్యాంక్" అని చెప్పి, చేయి చాచి చెరువును చూపవలెను.

చేయి చాచి చూపుట అనగానే ఆంగికము స్ఫురించుచున్నది. మన నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా చెప్పినది. నోరు పలుకుట వాచికము. శరీరము పలుకుట ఆంగికము. నేడు దీనినే శరీరభాష అనుచున్నారు. మాటలోని అర్థములో 7 వంతులే పదములదనియు, నూటికి తక్కిన 93 వంతులు కంఠస్వరమునకును ముఖకవళికలకును చెందుననియు పట్టణములలో కొందరు శిక్షకులు చెప్పుచుందురు. ఈ లెక్కకు మూలము 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ప్రచురించిన పరిశోధనలు. అవి ఇష్టాయిష్టములను తెలుపు విషయమునకు సంబంధించినవి. సకల సంభాషణలకును వర్తించునవి కావు. మన బోరుబావి లోతెంతో ముఖకవళిక చెప్పజాలదు గదా! విషయమే ప్రధానము. శరీరము ఆ విషయమునకు తోడు నిలువవలెను, అడ్డు రాకూడదు.

అది అడ్డువచ్చుట ఎట్లన, మనము పెద్దలయెదుట చేతులు కట్టుకొని నిలుచుట వినయము. పాశ్చాత్యులు చేతులు కట్టుకొనినవానిని చూచి, అతడు విముఖుడై యున్నాడని భావింపవచ్చును. కన్నులు దించుకొనుట మనకు గౌరవము. వారికది ఏదియో దాచుచున్నట్లు కనబడవచ్చును. తలను ఇటునటు ఊపి "సరే" అనుట మనకు అలవాటు. వారికది "కాదు" అన్నట్లో, ఎటూ తేల్చనట్లో తోచును. ఇందు ఎవరి ఆచారమును తప్పు కాదు. ఇంటింటికి ముగ్గు వేరైనట్లు దేశదేశమునకు మర్యాద వేరు. కావున చేతులను వదులుగా ఉంచి, మాటాడువాని ముఖము వైపు చూచుచు, తల ఊపుటతో సరిపెట్టక నోటితో సమాధానము చెప్పవలెను. కరచాలనము ఇష్టపడని సోదరీమణులు నిస్సంకోచముగా రెండు చేతులు జోడించి నమస్కరింపవచ్చును. ఆ నమస్కారమును లోకమంతయు ఎరుగును.

అర్థము కానప్పుడు నవ్వి తల ఊపుట మిక్కిలి హాని. తెలియనిదానికి తల ఊపినచో ఒప్పుకొన్నట్లే యగును. "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ స్లోలీ" అను రెండు వాక్యములను మొట్టమొదట కంఠస్థము చేయుడు. ఇవి చిన్నతనము కావు; బాధ్యత ఎరిగినవాని మాటలు. తనకు తెలియని భాషలోనున్న కాగితముపై, ఎవరైనను చదివి అర్థము చెప్పువరకు సంతకము పెట్టరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక ముఖ్యవిషయము. వ్యక్తికి శరీరభాష ఉన్నట్లే పంచాయతీకిని ఒక శరీరభాష కలదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చి, పంచాయతీలలో స్త్రీలకు మూడవవంతునకు తక్కువగాకుండ స్థానములను ప్రత్యేకించినది. ఉభయ తెలుగు రాష్ట్రముల చట్టములు దానిని సగమునకు పెంచినవి. అయినను అధికారి వచ్చినపుడు సర్పంచి గోడవారగా నిలిచి, ఆమె భర్త బల్లయొద్ద కూర్చుండి మాటాడుచున్నచో, ఆ దృశ్యమే ఒక వాక్యము. దళిత సభ్యునకు కుర్చీ చూపనిచో అదియు ఒక వాక్యమే. వచ్చినవారు దానిని ఏ దుబాసీ లేకుండనే చదివికొందురు. ఎన్ని ఆంగ్ల వాక్యములు నేర్చినను ఆ వాక్యమును చెరపజాలము. కుర్చీని సరిగా వేయుటయే మన మొదటి ఆంగిక పాఠము.

అభ్యాసము ఎట్లు చేయవలెను? దినమునకు పావుగంట చాలును. మీ వార్డుకు సంబంధించిన పది సంగతులను తెలుగులో వ్రాయుడు: ఇండ్లెన్ని, కుళాయిలెన్ని, బడి పిల్లలెందరు, ఏది చెడినది, ఎన్నినాళ్ళాయెను, ఏమి కావలెను. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునిచేతగాని, ఇంట చదువుకొను పిల్లలచేతగాని వానిని చిన్న ఆంగ్ల వాక్యములుగా మార్పించుకొనుడు. పిల్లలయొద్ద నేర్చుట నామోషి కాదు. ఆ పిల్లలకును ఉత్సాహము కలుగును. ఆ వాక్యములను బిగ్గరగా చదువుడు. చరవాణిలో మీ గొంతు పట్టి వినుడు. ఆకాశవాణి ఆంగ్ల వార్తలను ఆలకించుచు చెవిని అలవాటు చేయుడు. చరవాణి అనువాదమును వాడవచ్చును గాని, ఊళ్ళ పేర్లను, అంకెలను సరిచూడక నమ్మరాదు. వారమునకొకమారు ఇద్దరు సభ్యులు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు అధికారిగా, ఒకరు సభ్యునిగా ప్రశ్నోత్తరములు జరుపుకొనుడు. తప్పులకు నవ్వువారుందురు. ఆంగ్లము తప్పినచో నవ్వి ఊరకుందురు. లెక్క తప్పినచో ఊరికి నీళ్ళు తప్పును. ఏది పెద్ద తప్పో మీరే నిర్ణయింపుడు.

గ్రామసభ మాత్రము ఎప్పటివలె మన తెలుగులోనే జరుగవలెను. అక్కడ అందరికిని అర్థమగు భాషయే ధర్మము. ఊరి వెలుపలివారితో మాటాడవలసినపుడు మాత్రము ఈ నాలుగు వాక్యములు మీకు చేతికర్రవలె తోడ్పడును. రాబోవు గ్రామసభలోగా ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును తమ వార్డు సంగతులు పదింటిని నోటికి తెచ్చుకొందురు గాక. ఆ పదింటిలో మొదటిది మీ వార్డులో నీరందని ఇండ్ల సంఖ్య కావలెనని మా మనవి.