బొట్టు కూడా ఒక అక్షరమే



"చదువు రానోళ్ళం, మాకేం తెలుసు?" బోధన్ చేలల్లో పనిచేసే ఆడవాళ్ళు ఈ మాట అంటారు. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళూ అంటారు. ఈ మాట నిజమా?

పండుగ నాడు ఒక వాకిట్లో సానుపు లేదు, ముగ్గు లేదు. ఆ ఇంట్లో ఏదో కష్టం వచ్చిందని మీకు తెలుస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ముగ్గు ఒక గుర్తు. గుర్తు చూసి అర్థం తెలుసుకోవడం కూడా చదవడమే.

చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడ నకాశీ చిత్రకారులు గుడ్డ మీద కథల బొమ్మలు వేస్తారు. గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూస్తారు. వెనక అంతా ఎరుపు. నీలం రంగు ఉంటే దేవుడు. పసుపు రంగు ఉంటే దేవత. కథ చెప్పేవాళ్ళు ఊరూరా తిరిగి ఆ పటం విప్పి పాడేవారు. పద్మశాలీలకు మార్కండేయుని కథ చెప్పేవారు. అక్షరం రానివాళ్ళు కూడా రంగులు చూసి కథ పోల్చుకునేవారు.

ఈ కాలం చిత్రకారులు కూడా మన గుర్తులు తీసుకున్నారు. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు. బరోడా పోయి చిత్రకళ చదివారు. కానీ ఆయన గీసింది తెలంగాణ పల్లె ఆడవాళ్ళనే. నల్లని ఒళ్ళు, రంగురంగుల చీర, నుదుట పెద్ద బొట్టు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. ఊళ్ళో బొట్టు అంటే భర్త ఉన్నాడని గుర్తు. భర్త పోతే బొట్టు తీసేస్తారు. బొట్టు పెట్టి పేరంటానికి పిలిచేటప్పుడు ఆమె గడప దాటి పోతారు. కానీ వైకుంఠం బొమ్మలో బొట్టు చూస్తే ఎవరూ భర్త సంగతి అడగరు. "ఈమె తెలంగాణ ఆడమనిషి" అంటారు. గుర్తు అదే. అర్థం మారింది.

బతుకమ్మ కూడా అంతే. అది పూల పండుగ. తెలంగాణ ఉద్యమంలో ఆడవాళ్ళు రోడ్ల మీద బతుకమ్మ ఆడారు. అప్పుడు అది హక్కు అడిగే గుర్తు అయింది. 2014లో రాష్ట్ర పండుగ అయింది.

గుర్తుకు అర్థం ఇచ్చింది మనుషులే. మనుషులే దాన్ని మార్చగలరు.

ఈసారి బతుకమ్మ పేర్చేటప్పుడు భర్త పోయిన అక్కను కూడా పిలవండి. ఆమె చేతికి తంగేడు పూలు ఇవ్వండి. తర్వాత పలక మీద "బొట్టు" అని రాయండి. దాని కింద మీరు ఇచ్చే అర్థం రాయండి.